లెక్క అడిగే హక్కు

 

ఇంజనీరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. మనందరికీ పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను.

పెద్దారవీడులో నీళ్లకు కరువు గానీ ఎండకు కరువు లేదు. అందుకే సోలార్ అనగానే మనకు నమ్మకం కలుగుతుంది. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మును, పిల్లల పెళ్లికి దాచిన సొమ్మును అలాంటి కంపెనీల షేర్లలో పెట్టినవాళ్లు మనలోనూ ఉన్నారు. ధర పడిపోతే యాజమాన్యాన్ని తిట్టుకుంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అది టీ కొట్టు దాటి బయటకు రాదు.

జెన్‌సోల్ ఇంజనీరింగ్ సంగతి చూడండి. సోలార్ ప్లాంట్లు కట్టే చిన్న కంపెనీ అది. తర్వాత విద్యుత్ కార్లు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్ 15న సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ప్రకారం, 6,400 కార్ల కోసం 663.89 కోట్ల రుణం తీసుకుని 4,704 కార్లే కొన్నది. కంపెనీ తన వంతుగా పెట్టాల్సిన సొమ్ము కూడా కలిపి చూస్తే 262.13 కోట్లకు లెక్క తేలలేదు. అప్పటికే ఆ షేర్లు లక్ష మందికి పైగా చిన్న మదుపరుల చేతుల్లో ఉన్నాయి.

అదే ఉత్తర్వులో ఇంకో సంగతి ఉంది. ఆ కంపెనీ అనుబంధ సంస్థ కార్లు తయారుచేయాల్సిన పుణె ప్లాంటుకు స్టాక్ ఎక్స్ఛేంజి అధికారి వెళితే ఇద్దరు ముగ్గురు కూలీలే కనిపించారు. ఏడాది మొత్తంలో ఎక్కువ వచ్చిన నెల కరెంటు బిల్లు సుమారు 1.57 లక్షల రూపాయలు. ఫ్యాక్టరీ నడుస్తోందో లేదో ఆ బిల్లే చెబుతుంది.

మనం ప్లాంటుకు వెళ్లలేం. కానీ ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో అడగొచ్చు. ఎన్ని కొన్నారు? ఎన్ని నడుస్తున్నాయి? ప్రమోటర్లు ఎన్ని షేర్లు తాకట్టు పెట్టారు? తాకట్టు వివరాలు మూడు నెలలకోసారి స్టాక్ ఎక్స్ఛేంజి వెల్లడిలోనే దొరుకుతాయి. లిస్టెడ్ కంపెనీ తీర్మానాలకు ఫోన్‌లోనే ఓటు వేయొచ్చు. ఆ మెయిల్ చదవకుండా తీసిపారేసేవాళ్లే ఎక్కువ.

2013 కంపెనీల చట్టంలో 100వ సెక్షన్ ఉంది. ఓటు హక్కున్న మూలధనంలో పదోవంతు ఉన్నవాళ్లు కలిసి కోరితే ప్రత్యేక సమావేశం పెట్టాల్సిందే. 169వ సెక్షన్ కింద సాధారణ మెజారిటీతో డైరెక్టరును తొలగించవచ్చు. పదోవంతు కూడగట్టడం చిన్న వాటాదారులకు తేలిక కాదు. అందుకే ధర కూలాక కాదు, కంపెనీ బాగున్నప్పుడే ప్రశ్నలు మొదలవ్వాలి.

లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే రాస్తే మన మాస్టార్లు మార్కులు వేసేవారు కాదు. మెట్లన్నీ చూపించమనేవారు. పర్యావరణానికి మేలు చేస్తున్నాం అనేది జవాబు మాత్రమే. కంపెనీ పెద్దల దగ్గర మెట్లు కూడా అడుగుదాం.

ఈ అలవాటును మన సంఘం వార్షిక సమావేశంలోనే మొదలుపెట్టండి. మన కోశాధికారి గారు ఏమీ అనుకోరు.