మేకును బట్టి తుపాకి

మన ఇండ్లు రాతితోను, ఇటుకలతోను, సిమెంటుతోను కట్టినవి. క్యాలెండరు తగిలించుటకో, దేవుని పటము పెట్టుటకో తప్ప మనకు మేకుతో అంతగా పని లేదు. ఇల్లు మేకులమీద నిలుచునని ఎవరైన అన్నచో నవ్వి ఊరకుందుము. అమెరికా దేశమున మాత్రము అది నవ్వవలసిన మాట కాదు. అచ్చటి కుటుంబములు నివసించు ఇండ్లలో అత్యధిక భాగము చెక్కచట్రముతో కట్టినవే. మన తెలుగు కుటుంబములు ఎన్నో నేడు అట్టి ఇండ్లలో కాపురముండుచున్నవి. కావున ఆ మేకుల సంగతి మనమును కొంత తెలిసికొనుట మంచిది.

మా అన్నగారి కుమారుడు నార్త్ కెరొలినా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఒక వేసవిలో మేము అతని ఇంటికి పోయినప్పుడు, అతడు పెరటివైపున చెక్కతో ఎత్తైన అరుగు నొకదానిని స్వయముగా కట్టుచుండెను. దీనిని అచ్చట డెక్కు అందురు. "బాబాయిగారూ, అమ్మ చేత సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నాం. నలభై మంది వస్తారు, భోజనాలన్నీ ఈ అరుగుమీదే" అని అతడు ఉత్సాహముగా చెప్పెను.

అరుగు కట్టు విధము ఇది. ఇంటి గోడకు ఒక దళసరి పలకను బోల్టులతో బిగింతురు. దానికి ఎదురుగా 16 అంగుళముల కొకటి చొప్పున దూలములను చేర్తురు. దూలపు కొన పలకను తాకుచోట, దానిని అడుగునుండి ఎత్తి పట్టుకొనుటకు ఉయ్యాల వంటి ఉక్కురేకు తొడుగును అమర్తురు. దీని పేరు జాయిస్ట్ హ్యాంగరు. ఈ రేకునకు ముందుగనే బెజ్జములు చేసియుండును. ఆ బెజ్జములలో మేకులు దిగగొట్టినప్పుడే అది దూలమును మోయగలదు.

అచ్చటి నిబంధనల ప్రకారము ఇట్టి అరుగు చదరపు అడుగునకు 40 పౌన్ల జనభారమును మోయవలెను. 12 అడుగుల దూలమైనచో ఒక్కొక్క కొనపై 320 పౌన్లు, అనగా సుమారు 145 కిలోలు పడును. ఆ బరువంతయు చేరునది కొన్ని మేకులమీదనే.

మా వాడు దుకాణమునకు పోయి, గాలి యొత్తిడితో పనిచేయు మేకుల తుపాకిని, దానితోపాటు కంప్రెసరును కొని తెచ్చెను. చూచుటకు ఘనముగా నున్నది. మీట నొక్కిన మరుక్షణమే మూడంగుళముల మేకు చెక్కలోనికి దిగిపోవును. చెక్కకు చెక్కను కూర్చునంతవరకు పని బహు వేగముగ సాగెను. తొడుగుల వద్దకు వచ్చుసరికి చిక్కు వచ్చినది. తుపాకి మూతి వెడల్పు. బెజ్జము దాని క్రింద దాగిపోవును. అతడు అంచనాతో కొట్టెను. కొన్ని మేకులు రేకును చీల్చుకొని ప్రక్కన దిగినవి. ఒకటి ఉక్కుకు తగిలి ఎగిరి, మేము కూర్చున్న కుర్చీ ప్రక్కనున్న గోడకు కొట్టుకొన్నది. కంటికి తగిలియున్నచో ఈ ప్రసంగము వేరొక విధముగ నుండెడిది.

మరునాడు తనిఖీ అధికారి వచ్చెను. ఆయన ఒక్కొక్క తొడుగునకు టార్చిలైటు పట్టి చూచి, రెండు ప్రశ్నలడిగెను. బెజ్జములు ఖాళీగా నేల ఉన్నవి? ఈ మేకు లావెంత? మా వాని వద్ద సమాధానము లేకపోయెను. అరుగునకు ఆమోదము లభించలేదు. వ్రతమునకు పదునైదు దినములే మిగిలియున్నవి.

ఆ మేకుల లావు 0.131 అంగుళము. ఫ్రేమింగు పనికి వాడు సామాన్యపు తుపాకులలో విరివిగా దొరకునవి ఇవియే. తొడుగు తయారుచేసినవారు కోరినది 0.148 అంగుళము. ఈ తేడా కంటికి ఆనదు. కాని లెక్క వేసినచో, మేకు అడ్డుకోత వైశాల్యము నూటికి 22 వంతులు తగ్గినది. ఇక బెజ్జము తప్పిన మేకును లెక్కలోనికే తీసికొనరు. పైన పటారము, లోన లొటారము అన్నట్లు, అరుగు నిగనిగలాడుచున్నది. దానిని మోయవలసిన కీళ్లు మాత్రము బలహీనముగ నున్నవి.

ఈ కట్టుదిట్టము వట్టి చాదస్తము కాదు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ అను పెనుతుఫాను దక్షిణ ఫ్లోరిడాను తాకినప్పుడు వేలాది ఇండ్లు ధ్వంసమైనవి. పైకప్పు గోడను పట్టుకొను కీలు బలహీనమైనచోట గాలి కప్పునే ఎత్తివేసెను. తుఫాను వచ్చునన్నప్పుడు మన కోస్తా పల్లెలలో పూరియింటి కప్పును త్రాళ్లతో బిగించి కట్టుట మనమెరుగుదుము. అచ్చట ఆ త్రాటి పనిని ఉక్కుపట్టీలు చేయును. త్రాటికి ముడి యెట్లో, పట్టీకి మేకు అట్లు.

లాడము దొరికినదని గుఱ్ఱమును కొన్నవానిని చూచి లోకము నవ్వును. కాని ఈ విషయమున మాత్రము అదియే సరియైన పద్ధతి. ముందు తొడుగుమీద గాని, దాని పత్రములో గాని ఏ మేకు వ్రాసియున్నదో చదువవలెను. పొడవెంత, లావెంత, పూత యేమి అను మూడింటిని కాగితముమీద వ్రాసికొని, ఆ మేకును కొట్టగల తుపాకిని వెదకవలెను.

లోహపు తొడుగులకై ప్రత్యేకముగా చేసిన తుపాకులు కలవు. వీనిలో మేకు మొనయో, ఒక గట్టి సూదియో మూతి వెలుపలికి పొడుచుకొని వచ్చియుండును. దానిని బెజ్జములో నుంచి, ఆ పిమ్మట మీట నొక్కవలెను. మేకు గురి తప్పదు. ఇందు కొన్ని ఒకటిన్నర అంగుళముల మేకును మాత్రమే కొట్టును. కొన్ని రెండున్నర అంగుళముల వరకు కొట్టును. కొన్ని తొడుగులలో ప్రక్క మేకులు ఏటవాలుగా దూలమును దాటి వెనుక పలకలోనికి పోవలెను. అచ్చట ఒకటిన్నర అంగుళము చాలదు. కావున పొట్టి మేకుల తుపాకి కొన్నవాడు సుత్తిని అటక యెక్కింపరాదు.

రెండవది అరచేతిలో ఇముడు చిన్న యంత్రము. దీని మూతిలో ఒక్క మేకు నిలుపవలెను. గాలి దానిని టకటక మోది దింపును. ఇది ఇరుకు చోట్ల దూరును, విడి మేకులన్నిటికి పనికివచ్చును. వేగము తక్కువ, చేయి అదరును. అయినను 16 దూలముల అరుగునకు, తొడుగు కొక్కింటికి 10 మేకుల చొప్పున, గోడవైపు కావలసినవి 160. ఒక్క అరుగు కట్టుకొను గృహస్థునకు ఇది చాలును. ఇండ్లు కట్టుటయే వృత్తిగా గలవానికి మొదటిది కావలెను.

మేకుల పట్టీ యొక్క వాలు తుపాకికి సరిపోవలెను. మేకు తల నిండు గుండ్రముగా నుండవలెను. అరుగునకు వాడు మందు పట్టించిన చెక్కలో రాగి లవణములుండును. ఆర్సెనిక్ కలిసిన పాతమందును 2003 చివర గృహావసరములనుండి తొలగించిన తరువాత వచ్చిన కొత్తమందులు ఉక్కును మరింతగా తినివేయును. అందుచేత కరగిన జింకులో ముంచి తీసిన మేకులనే వాడవలెను. తొడుగు స్టెయిన్‌లెస్ ఉక్కుదైనచో మేకును స్టెయిన్‌లెస్ దే కావలెను.

చివరగా మీట సంగతి. కొన్ని తుపాకులు మీట నొక్కిపట్టి ఊరక తాకించినను మేకును వదలును. మూతిని ఆనించిన పిదప ప్రతి మేకునకు మీటను వదలి మరల నొక్కవలసినదే మేలైనది. అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థలు 2011లో ప్రచురించిన మార్గదర్శిని కూడ ఇదియే చెప్పుచున్నది. కంటికి అద్దములు, చెవికి బిరడాలు తప్పవు. మేకు ఇరుకుకొన్నప్పుడు ముందు గాలిగొట్టమును ఊడదీయవలెను.

మా వాడు చీలిన తొడుగులను విప్పి పారవేసి, అరచేతి యంత్రమును అద్దెకు తెచ్చి, మూడు సాయంకాలములు మోకాళ్లమీద కూర్చుండి పని చేసెను. మేము లావు కొలిచి మేకులందించితిమి. అధికారి మరల వచ్చి, టార్చి వేసి చూచి, ఈ తడవ ఏ ప్రశ్నయు అడుగక సంతకము చేసెను. వ్రతమునాడు మా వదినగారు ఆ అరుగుమీద పీట వేసికొని కూర్చుండిరి. పీట క్రింది దూలమును ఏ మేకులు పట్టియున్నవో ఆమెకు తెలియదు. మాకు తెలియును, అందుచేత నిశ్చింతగా ప్రసాదము తీసికొంటిమి.