కిష్టారం పేరు ఎలా రాయాలి?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిష్టారం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. బస్తర్ ప్రాంతం, సుక్మా జిల్లా, మన తెలంగాణ సరిహద్దుకు దగ్గర. 2018 మార్చి 13న ఆ ఊరి దగ్గర మందుపాతర పేలి తొమ్మిదిమంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు అమరులయ్యారు. వారికి నివాళి అర్పించి నాలుగు మాటలు చెబుతాను.

అంతకు కొన్నేళ్ళ ముందు, వాయుసేన హెలికాప్టర్లతో డ్యూటీ చేస్తూ నేను ఒకసారి అక్కడ దిగాను. వైర్‌లెస్ మనిషిని కదా, ఊరి పేరు దగ్గరే చిక్కొచ్చింది. తెలుగులో కిష్టారం, హిందీ కాగితంలో కిస్టారామ్, ఇంగ్లీషులో ఇంకోలా. అక్కడున్న ఒక ముసలాయన్ని తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబిచ్చాడు. "తాతా, మీ కోయ మాటలో ఈ పేరు ఎలా రాస్తారు?" అన్నాను. నవ్వి, "మా మాటకు రాత ఎక్కడుంది సారూ!" అన్నాడు. నేనూ నమ్మేశాను.

అది పూర్తిగా నిజం కాదని తర్వాత తెలిసింది. కోయ మాట గోండికి దగ్గరి చుట్టమే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలో పాత చేతిరాత పుస్తకాలు దొరికాయి. వాటిని చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. మధ్యప్రదేశ్ బాలాఘాట్ వైపు 1918లో మంగళ్ సింగ్ మసారం మరో గోండి లిపి తయారుచేశారు. ఈ రెండూ కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కాయన్నదే ఇవాళ్టి నా విషయం.

మనకు ఆల్ఫా, బ్రావో, చార్లీ తెలుసు. 1956లో అమలులోకి వచ్చిన ఆ జాబితాను అందరూ ఒప్పుకోబట్టే ఏ దేశపు పైలటైనా అర్థం చేసుకుంటాడు. కంప్యూటర్ అక్షరాలకు అటువంటి ఒప్పందమే యూనికోడ్. ప్రతి అక్షరానికీ ఒక నంబరు. మన 'క' నంబరు 3093. ఈ నంబర్లు లేని రోజుల్లో ఒక కంప్యూటర్‌లో తెలుగులో కొట్టిన ఉత్తరం ఇంకో కంప్యూటర్‌లో పిచ్చిగీతలయ్యేది.

నంబరు ఇవ్వడానికి పద్ధతి ఉంది. ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. కానీ ఆ అక్షరం వాడుకలో ఉందని పుస్తకాల నుంచో చేతిరాతల నుంచో నమూనాలు చూపించాలి. లిపి నిపుణుల బృందం దాన్ని పరిశీలించి, ప్రశ్నలతో తిప్పి పంపుతుంది. జవాబులు సరిపోతే సాంకేతిక సంఘం ముందుకు వెళుతుంది. అక్కడ సాధ్యమైనంతవరకు ఏకాభిప్రాయం, కుదరకపోతే ఓటు. ఆపైన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలో దేశాల ఓటింగు. మన తరఫున భారతీయ ప్రమాణాల సంస్థ ఉంటుంది. కాదన్న దేశం సాంకేతిక కారణం చెప్పాలి. చివరికి ముసాయిదాను లోకమంతటికీ చూపించి, తప్పులుంటే చెప్పమంటారు.

ఇంత నత్తనడక ఎందుకంటారా? ఒకసారి అచ్చయిన అక్షరాన్ని తీసెయ్యరు, నంబరు మార్చరు, పేరు కూడా మార్చరు. పాత పత్రాలు చెడిపోకూడదని ఆ నియమం. ఒక గుర్తు పేరులో బ్రాకెట్ అనే ఇంగ్లీషు మాటకు రెండక్షరాలు తారుమారయ్యాయి. ఆ తప్పు ఈనాటికీ అలాగే ఉంది. పక్కన సవరణ పేరు మాత్రం చేర్చారు. కాబట్టి అభ్యంతరం చెప్పేదేదో ముందే చెప్పాలి. మన నకారపొల్లుకైతే 2021లోగాని చోటు దక్కలేదు. తెలుగు 1991 నుంచీ అందులో ఉన్నా సరే!

మసారం గోండి 2017 జూన్‌లో, గుంజాల గోండి 2018 జూన్‌లో ఈ పరీక్షలన్నీ దాటాయి. రెండూ వేర్వేరు లిపులని గుర్తించి వేర్వేరు చోట్లు ఇచ్చారు. కిష్టారం దగ్గర మనవాళ్ళు నేలకొరిగిన మూడు నెలలకు, ఆ నేల మాటకు చుట్టమైన లిపికి ప్రపంచంలో స్థానం దొరికింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ తాతే గుర్తొచ్చాడు.

అయితే నంబరొస్తే చదివేవాళ్ళు రారు. ఫాంటు కావాలి, కీబోర్డు కావాలి, బళ్ళో చెప్పే పంతులు కావాలి. ప్రమాణం దారి వేస్తుంది, నడవాల్సింది మనుషులు. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్కటే మనవి. అటువైపు పోస్టింగు వస్తే ఊరి పేరు ఊరివాళ్ళ నోట విని రాసుకోండి. "మాకు రాత లేదు" అని ఎవరైనా అంటే, ఉందని చెప్పండి. నేను ఆ రోజు చెప్పలేకపోయాను.

జై హింద్.