కొర్రమీనుకు గాలము వేయుట

(పటేల్‌గూడ పరిసరముల రైతుల కొరకు తయారుచేసిన ప్రసంగ పాఠము)



నాట్లు, ఎరువులు, పురుగుమందులను గూర్చి వినుటకు అలవాటుపడిన మీకు గాలమును గూర్చి ప్రసంగమేమని ఆశ్చర్యము కలుగవచ్చును. గాలము పట్టిన వాడు పనిలేని వాడని మన పల్లెలలో ఒక అభిప్రాయము కూడ ఉన్నది. ఆ అభిప్రాయమును మార్చుటకు నేను రాలేదు. అయితే ఈ ప్రాంతమున పొలముల నడుమ కాలనీలు లేచిన పిదప, సెలవు దినములలో రీలు కర్రలు పట్టుకొని చెరువు కట్టకు వచ్చువారు హెచ్చినారు. మన ఊళ్ల పిల్లలు వారిని చూచి నేర్చుకొనుచున్నారు. పిల్లలు అడుగునది, కొర్రమీను గాలమునకు ఎట్లు పడును అని. పెద్దలు అడుగునది, పడిన చేపను తినవచ్చునా అని. ఈ రెండు ప్రశ్నలకును నాకు తెలిసినంతలో జవాబు చెప్పెదను.

గాలముతో వినోదముగా చేపలు పట్టుటలో అమెరికావారికి బ్లాక్‌బాస్ అను చేప ఎట్టిదో, మనకు కొర్రమీను అట్టిది. మన వైపు దీనిని కొర్రమట్ట అని కూడ అందురు. 2016 లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. బాస్ వలెనే ఇదియు మాటు వేసి కొట్టు వేటచేప. తుంగ మొదట, తామరాకుల నీడన, గుర్రపుడెక్క అంచున కదలక నిలిచియుండి, ఎదుటకు వచ్చిన పరకను, కప్పను ఒక్క ఊపున మ్రింగును. బొచ్చె, రవ్వు వంటి చేపలు వెంటాడి తినునవి కావు. కనుక పిండి ఉండకు వచ్చు చేపలు వేరు, కదలెడి ఎరకు వచ్చు కొర్రమీను వేరు.

దీనికి మరియొక విశేషము కలదు. మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకొను అమరిక కూడ ఉండుటచే, ఇది మాటిమాటికి పైకి వచ్చి గాలి మ్రింగును. పైకి రానీయకుండ వలలో బిగించినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఈ సంగతిని బాగుగా గుర్తుంచుకొనుడు. గాలము వేయువానికి ఇది మొదటి ఆనవాలు. అంతకంటె ముఖ్యమైన పనికి కూడ ఇదియే ఆధారమగును. అది తరువాత చెప్పెదను.

గాలము వేయువాడు చెరువు చేరిన వెంటనే కర్ర విప్పరాదు. పది నిమిషములు కట్టపై ఊరక కూర్చుండవలెను. నీడ నీటిపై పడకుండ, ఎండకు ఎదురుగా కూర్చుండుట మంచిది. బుడుంగుమను శబ్దముతో నీరు విరిగి, ఒక వలయము లేచి అణగిపోయినచో అచ్చట కొర్రమీను గాలి తీసికొన్నదన్న మాట. ఆ చోటికి సూటిగా విసరక, రెండు మూడు గజములు అవతలికి విసరి, ఎరను ఆ మీదుగా మెల్లగా లాగుకొని రావలెను. నెత్తిమీద పడిన ఎరకు చేప బెదరును, దారిన పోవు ఎరకు ఆశపడును. తెల్లవారుజాము, ప్రొద్దుగూకు వేళ అనుకూలమైనవి. మిట్టమధ్యాహ్నము కలుపు నీడను వెదకవలసినదే.

ఇక సాధనములు. పది పండ్రెండు అడుగుల వెదురు కర్ర, గట్టి నైలాను దారము, ఒక గాలము, ఒక బెండు చాలును. మన పెద్దలు ఇంతకు మించి వాడలేదు, వారికి చేపలు పడకపోలేదు. రీలు కర్ర కొనదలచినవారు ఆరేడు అడుగుల పొడవు గల బిరుసైన దానిని ఎన్నుకొనుడు. మెత్తని కర్ర చూడ ముచ్చటగా వంగును గాని, కలుపులోనికి దూరు చేపను ఆపలేదు. ఇదే కారణముచే జడవలె పేనిన దారము, 30 పౌనుల బరువు ఓర్చునది, మేలు. చిన్న చేపలకు ఇంత దారము అనవసరము. కొర్రమీను మాత్రము గాలము తగిలిన మరుక్షణము తుంగ వేళ్లలో దూరి చుట్టుకొనును.

ఎరగా బ్రతికిన కప్పను గ్రుచ్చుట పాత పద్ధతి. దీనిని మానవలెనని నా సలహా. పొలములో కప్ప తిను పురుగులు మన పంటను తిను పురుగులే. దానికి బదులు రబ్బరు కప్పలు బజారులో దొరకుచున్నవి. వీటి లోపల బోలుగా ఉండును. రెండు గాలపు మొనలు వీపుమీద పడుకొని ఉండుటచే ఆకులపై ప్రాకించినను కలుపు తగులుకొనదు. చేప నోట నొక్కినప్పుడు రబ్బరు అణగి మొనలు బయటపడును. క్రొత్తవారు తొందరపడునది ఇచ్చటనే. నీరు ఎగసిపడగానే గుండె ఝల్లుమని కర్రను లాగుదురు, వట్టి కప్ప గాలిలో తేలి వచ్చును. చేప కొట్టిన పిదప ఒకటి, రెండు, మూడు అని లెక్కించి, దారము బిగువగుట చేతికి తెలిసిన తరువాతనే లాగవలెను. మూడు లెక్కపెట్టుట చెప్పుటకు సుళువే. నా మట్టుకు నాకు ఇన్నేండ్ల తరువాత కూడ ఆ రెండవ అంకె కడు పొడవుగా తోచును.

గాలపు మొనకు ఉండు ఎదురు ముల్లును శ్రావణముతో అణచివేయుడు. చిన్న చేప పడినప్పుడు నోరు చీలకుండ తీసి వదలవచ్చును. చేపను తడి చేతులతో పట్టవలెను. పొడి చేతులకు, కట్టమీది మట్టికి దాని ఒంటి జిగురు ఊడిపోయినచో ఆ చోట తెగులు ప్రవేశించును. కొర్రమీను నీటి బయట చాలసేపు బ్రతుకునన్న ధైర్యముతో దానిని గడ్డిలో పొరలనిచ్చుట తగదు.

కార్బన్ కర్ర వాడువారికి ఒక హెచ్చరిక. కార్బన్ గుండ విద్యుత్తు ప్రవహించును. ఈ ప్రాంతమున చెరువు కట్టల మీదుగా కరెంటు తీగలు పోవుచోట్లు ఉన్నవి. తీగల క్రింద కర్ర ఎత్తరాదు, ఉరుములు మెరుపులున్నపుడు చెరువు వద్ద ఉండరాదు. చెరువులో మొరము త్రవ్విన గుంతలు నీరు నిండిన తరువాత కానరావు. కనుక చిక్కుకొన్న గాలము కొరకు నీటిలోనికి దిగకుడు. గాలము పది ఇరువది రూపాయలకు మరల దొరకును.

ఇక ఎచ్చట వేయవచ్చును? చెరువు ఊరిదైనను అందలి చేపలపై హక్కు సాధారణముగా మత్స్య సహకార సంఘమునకు ఉండును. పిల్లచేపలను వదలి, కాపలా కాచి, వేసవిలో వల వేసుకొని బ్రతుకువారు వారు. వారినడిగి వేయుట మర్యాద మాత్రమే కాదు, అవసరము. అమీన్‌పూర్ పెద్ద చెరువు 2016 లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. అచ్చట పక్షులకు మొదటి హక్కు. సంగారెడ్డి దాపుననున్న మంజీర అభయారణ్యములో గాలము మాటే తలపెట్టరాదు. అది చట్టముచే రక్షింపబడిన చోటు, పైగా మొసళ్ల నివాసము.

ఋతువు విషయములో నేను కొంచెము పట్టుదలగా చెప్పదలచినాను. తొలకరి మొదలు వర్షాకాలమంతయు కొర్రమీను గ్రుడ్లు పెట్టు కాలము. కలుపు నడుమ కొంత చోటు తెరపిచేసి గ్రుడ్లు విడుచును. అవి నీటిపై తేలి, ఒకటి రెండు దినములలో పిల్లలగును. ఎర్రని ఆ పిల్లలు వందలుగా గుంపుగట్టి, కుంకుమ చల్లినట్లు నీటిపై కదలుచుండును. తల్లిదండ్రులు క్రిందనే కాపు కాయును. అమెరికా బాస్‌లో మగ చేప ఒక్కటే కాపుండును, మన కొర్రమీనులో జంట నిలుచును. ఆ గుంపుపై ఏది పడినను పెద్ద చేప ఆకలి లేకున్నను కొట్టును. కనుక ఆ సమయమున దానిని పట్టుట కంటె సులభమైన పని లేదు. దానిని నేర్పు అనుకొనువారున్నారు. కాపు పోయిన గంటలోనే పరకలు, జెల్లలు ఆ పిల్లలను తినివేయును. ఒక్క చేప కొరకు ఒక సంవత్సరపు పంటను కోసినట్లగును. ఎర్రని గుంపు కనబడిన చోట ఎర వేయకుడు, ఇతరులను వేయనీయకుడు.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వత్తును. మన పటాన్‌చెరు ప్రాంతమున 1970 తరువాతి దశాబ్దములో పరిశ్రమలు వెలసినవి. వాటి మురుగు వాగులలో, చెరువులలో చేరుటపై 1990 లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. ఇచ్చటి మందుల కంపెనీల మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007 లో ఫలితములు ప్రకటించినారు. లీటరు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. ఇది నాటి లెక్క, నేటిది కాదు. కాని ఇసుకవాగు నక్కవాగులోను, నక్కవాగు మంజీరలోను కలియుట నేటికిని మారలేదు. గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలిన వార్త 2010 తరువాత పలుమార్లు పత్రికలకెక్కినది.

చేపలు చచ్చిన ప్రతిసారి ఒకరు ఫ్యాక్టరీ విషమందురు, మరియొకరు ఎండకు గాలి చాలక చచ్చినవందురు. వాదము జరుగుచుండగనే చేపలు కుళ్లిపోవును, నీరు మారిపోవును. ఇచ్చటనే గాలము పట్టువాని అనుభవము అక్కరకు వచ్చును. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు చేపలు సాధారణముగా తెల్లవారుజామున నోరు తెరచి పైన తేలును. బొచ్చె, రవ్వు వంటివి, అందులోను పెద్దవి, ముందుగా చచ్చును. కొర్రమీను, మట్టగిడస, మార్పు చేప పైగాలిని పీల్చునవి కనుక తట్టుకొని నిలుచును. ఇవి కూడ బొచ్చెలతో పాటు వెల్లకిల తేలినచో, గాలి చాలలేదన్న మాట అంత సులభముగా నమ్మదగినది కాదు, విషమును అనుమానింపవలెను. వేళగాని వేళ, చిన్నా పెద్దా తేడా లేక చచ్చుట, కప్పలు, పురుగులు కూడ చచ్చుట ఆ అనుమానమును బలపరచును.

రెండు జాగ్రత్తలు చెప్పవలెను. చలికాలమున కొర్రమీను ఒంటిపై ఎర్రని పుండ్లు కనబడినచో అది 1988 లో మన దేశమున ప్రవేశించిన పుండ్ల తెగులు కావచ్చును. ఈ తెగులు కొర్రమీనుకు మిక్కిలి సోకును. పుండు చూడగానే ఫ్యాక్టరీని నిందింపరాదు. ఇక రెండవది మనకు సంబంధించినది. పత్తికి, కూరగాయలకు చల్లు సైపర్‌మెత్రిన్ వంటి మందులు చేపలకు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకములు. మందుకొట్టు పంపును చెరువు తూము వద్ద కడిగినవాడు, రాత్రి మురుగు వదలినవానిని ఏ నోటితో అడుగును? పంపును పొలములోనే, నీటికి దూరముగా కడుగుడు.

తినవచ్చునా అను ప్రశ్నకు నా జవాబు ఇది. మురుగు కాలువ కలియు చెరువులో పట్టిన చేపను తినరాదు, అమ్మరాదు, పొరుగువారికి పంచరాదు. రంగు మారిన నీరు, నురుగు, ఘాటైన వాసన ఉన్నచో సందేహమే లేదు. కాని నీరు తేటగా ఉన్నంత మాత్రమున మంచిదనుకొనరాదు. లోహములు రంగు, వాసన లేకనే ఉండగలవు, ఉడికించినను పోవు. పైగా చిన్న చేపలను తిని పెరుగు కొర్రమీను ఒంటిలో పాదరసము వంటివి ఇతర చేపలలో కంటె ఎక్కువగా పేరుకొనును. చచ్చి తేలిన చేపను ఎంత తాజాగా కనబడినను ఇంటికి తేరాదు. అట్టి చెరువులో గాలము వేయదలచినచో వినోదమునకు వేసి చేపను వదలుడు, చేతులు సబ్బుతో కడుగుకొనుడు.

ప్రొద్దున్నే చెరువు వద్ద ఉండువాడు గాలము వేయువాడే గనుక, చేపలు చచ్చుటను మొదట చూచువాడు అతడే. కావున గాలపు సంచిలో మూతగల శుభ్రమైన గాజు సీసాలు రెండు ఉంచుకొనుడు. చేపలు తేలుట కనబడినచో ఒక సీసాను చచ్చిన చోట, ఒక దానిని నీరు వచ్చి కలియు కాలువ మొదట నిండుగా నింపి మూత బిగింపుడు. ఒట్టి చేతులతో ఆ నీటిని ముట్టకుడు. సీసాపై తేది, గంట, చోటు వ్రాయుడు. ఏయే చేపలు చచ్చినవి, ఏవి బ్రతికియున్నవి, ముఖ్యముగా కొర్రమీను సంగతి, వేరుగా కాగితముపై వ్రాసి, చేతి ఫోనుతో ఫోటోలు తీయుడు. సీసాలను, అప్పుడే చచ్చిన రెండు మూడు చేపలను మంచులో పెట్టి, మత్స్యశాఖవారికి, కాలుష్య నియంత్రణ మండలివారికి, సంఘము అధ్యక్షునికి ఆ పూటనే తెలుపుడు. అధికారులు తామే మరల నమూనా తీయవలసి ఉండును. కాని వారు వచ్చునప్పటికి వాన కురిసియో, నీరు పారియో ఆనవాలు చెదరిపోయినచో, తెల్లవారుజామున మీరు నింపిన సీసాయే అప్పటి నీటికి మిగిలిన ఆనవాలగును.