సోనేపూర్ నుంచి చదివితే



సోనేపూర్‌లో ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆ మాస్టారి గురించి అధ్యక్షులవారు చెప్పవలసినవన్నీ చెప్పారు. నేను ఆయన పుస్తకాల అలమర గురించి ఒక్క మాట చెప్పి నా విషయంలోకి వస్తాను. అందులో చరిత్ర ఒక అర, సైన్సు ఒక అర అనే లెక్క ఉండేది కాదు. పై అరలో మహేంద్రగిరి, నడిమి అరల్లో మెట్టలూ పల్లపు పొలాలూ, అడుగున సముద్రం. ఏ పుస్తకం ఏ నేల గురించి చెబుతుందో ఆ నేల అరలోకి వెళ్ళేది. గ్రంథాలయ శాస్త్రం ఒప్పుకోదు గానీ, ఈ ప్రాంతాన్ని చదవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

ఎందుకంటే మన ప్రాంతానికి పుస్తకాల కరువు లేదు. ఉన్న పుస్తకాలు మనకు అందని అరల్లో ఉన్నాయి, అదే ఇబ్బంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు గంజాం మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. గీత గీశాక బరంపురం, సోనేపూర్ ఇటు వచ్చాయి, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. బాహుదా నది మాత్రం గజపతి జిల్లా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం పక్కగా పారి, ఎప్పటిలాగే ఇక్కడికొచ్చి సముద్రంలో కలుస్తోంది. నదికి లేని చిక్కు చదువరికి వచ్చింది. ఒడిశా మొక్కల గురించి తెలుసుకుందామని హెయిన్స్ రాసిన ‘బాటనీ ఆఫ్ బిహార్ అండ్ ఒరిస్సా’ తెరిస్తే అందులో గంజాం ఉండదు. అది 1921, 1925 మధ్య అచ్చయింది, అప్పటికి గంజాం ఒడిశాలో లేదు. గంజాం చెట్టూచేమా గాంబుల్ మొదలుపెట్టిన ‘ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్’లో ఉన్నాయి. గాంబుల్ 1925లో పోయాక ఫిషర్ దాన్ని పూర్తిచేశాడు. చివరి భాగం వెలువడిన ఏడాది ఏదనుకుంటున్నారు? 1936. గంజాం మద్రాసును విడిచిపెట్టిన ఏడాదే. సక్సేనా, బ్రహ్మం గార్ల ‘ఫ్లోరా ఆఫ్ ఒరిస్సా’ 1994లో మొదలై నాలుగు సంపుటాలుగా వచ్చేదాకా, ఒడిశా మొక్కల పుస్తకం కావాలన్న గంజాం కుర్రవాడికి చాలావరకు మద్రాసు పుస్తకమే గతి. పక్షుల దగ్గరా, శాసనాల దగ్గరా కూడా చాలావరకు ఇదే కథ.

ఇది కొంత విసుగు పుట్టించే సంగతే. కానీ లాభమూ ఉంది. గీతకు ముందు రాసిన పుస్తకాల్లో ఈ నేల ఇంకా ఒకటే ముక్క. వాటిని రాసినవాళ్ళలో నాకు అందరికన్నా దగ్గరివాడు వాల్టర్ ఇలియట్. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకు కమిషనరుగా చేశాడు. అమరావతి శిల్పాలు తవ్వించినవాడని చరిత్ర చదివినవారికి తెలుసు. రుషికుల్య ఒడ్డున జౌగడలో ఉన్న అశోకుడి శాసనానికి 1850లో నకలు తీసినవాడూ ఆయనే. ఆ బండ మీద అశోకుడు తన కళింగ యుద్ధం మాట ఎత్తలేదు. ఆ యుద్ధం గురించి చెప్పే పదమూడో శాసనాన్ని జౌగడలోనూ ధౌలిలోనూ వదిలేసి, దాని చోట అధికారులకు ప్రజలను బిడ్డల్లా చూసుకోమని చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. ఓడినవాళ్ళ ఊళ్ళో గెలిచిన కథ చెప్పుకోకూడదనే ఇంగితం రాజుకు ఉంది. ఆ బండ దగ్గరకు వెళ్ళేవారు ముందు ఈ సంగతి చదువుకుని వెళ్ళాలి, లేకపోతే ఇనుప కటకటాల వెనక ఒక రాయి చూసి వచ్చినట్టే ఉంటుంది.

ఇలియట్ అక్కడితో ఆగలేదు. 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే చిన్న పుస్తకం వేశాడు. ఉత్తర సర్కారుల్లో తెలుగువాళ్ళు మొక్కలను ఏమంటారో, వాటి శాస్త్రీయ నామాలేమిటో పక్కపక్కన పెట్టిన జాబితా అది. పట్టాభిషేకాలూ దండయాత్రలూ లేని పుస్తకం కాబట్టి చరిత్రకారులు దాన్ని పెద్దగా పట్టించుకోరు. కానీ పొలం గట్టు మీద నిలబడి చదవడానికి ఇంతకన్నా పనికొచ్చే పుస్తకం లేదు. 

ఒక్క మొక్కతో చూపిస్తాను. మన తీరం పొడవునా ఇసుక దిబ్బల మీదా గట్ల మీదా ఉన్న మొగలి పొదలు తీసుకోండి. ఆకు రెండు అంచులకూ ముళ్ళు, కింద ఈనెకు ముళ్ళు, కాండం నుంచి ఇసుకలోకి దిగిన ఊడలు. మొగలి అన్న పేరు పట్టుకుని ఇలియట్ దగ్గరకు వెళితే పాండనస్ దొరుకుతుంది. అక్కణ్ణుంచి రాక్స్‌బర్గ్ దగ్గరకు వెళ్ళండి. సామర్లకోటలో తోట పెంచిన ఈ వైద్యుడి ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ 1795 నుంచి అచ్చయింది. అందులో మొగలికి బొమ్మలున్నాయి, వివరణ ఉంది. వాసన మగపువ్వుదేనని, ఆడచెట్టు కాయది కాదని అక్కడ చదువుకోవచ్చు. ఇప్పుడు పుస్తకం మూసి తెల్లవారుజామున అత్తరు బట్టీ దగ్గరకు నడవండి. వానకాలంలో మగపువ్వులు కోసి, ఎండెక్కి వాసన పోకముందే రాగి డేగ్‌లో వేసి నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి చల్లనీళ్ళలో ఉన్న పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో గంధపు నూనె ఉంటే అత్తరు అవుతుంది. గంజాం కేవడాకు, అంటే ఈ మొగలికి, భౌగోళిక గుర్తింపు ఉంది. కనౌజ్ అత్తరు వ్యాపారులకు ఈ సంగతి తెలిసినంతగా మన పిల్లలకు తెలియదు. సరే, అది వేరే సంగతి.

పక్షులకు జెర్డన్. 1836లో మద్రాసు వచ్చిన ఈ సైనిక వైద్యుడికి తొలి రోజుల్లోనే గంజాంలో డ్యూటీ పడింది, జ్వరాలతో, విరేచనాలతో పడిన సిపాయిలకు వైద్యం చేయడానికి. తూర్పు కనుమల పక్షుల మీద ఆయనకు ఆసక్తి కలిగింది ఇక్కడే. 1862, 1864 మధ్య వచ్చిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో చాలా పక్షులకు తెలుగు పేర్లు కనిపిస్తాయి. అది పట్టుకుని ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి వెళ్ళండి. ఊరి చింతచెట్ల మీద ఓపెన్‌బిల్ కొంగలు ఇళ్ళ మధ్యే గూళ్ళు పెట్టి పిల్లలను పెంచుతాయి. ముక్కు రెండు భాగాల మధ్య సందు ఉంటుంది చూడండి, నత్తల మీద బతికే పక్షి అది. వాటిని ఊరివాళ్ళు కాపాడుకుంటారు. గంజాంలో భేటనయి, బలిపదర్ వైపు కృష్ణజింకలదీ ఇదే తీరు. జింక ఉంటే వాన ఉంటుందని ఆ రైతుల నమ్మకం, అందుకే చేలో పడి మేసినా ఊరుకుంటారు. 

ఇక సముద్రం. పాట్రిక్ రసెల్ పేరు పాముల వల్ల అందరికీ తెలుసు. 1803లో ఆయన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల పుస్తకం వేశాడు. బొమ్మలకు స్థానిక నామాలున్నాయి. కోనం లాంటి పేర్లు, ఈ ఒడ్డున వల దులుపుతూ ఇవాళా పలికేవి, లండన్ అచ్చులో ఉన్నాయి. అట్ట మీద పేరు రసెల్‌ది. చేపను తెచ్చి పేరు చెప్పింది వాడబలిజలూ జాలర్లూ. ఒడిశాలో నోలియాలని పిలిచే, ఇంట్లో తెలుగు మాట్లాడే మీ ముత్తాతల సాటివాళ్ళు వాళ్ళు.

ఈ మాట నేను ముఖస్తుతికి అనడం లేదు. రుషికుల్య ముఖద్వారంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1994లో, వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బివాష్ పాండవ్ ద్వారా. గంజాం గురించి మాల్ట్‌బీ 1882లో ఇంత లావు జిల్లా మాన్యువల్ రాశాడు. జంతుశాస్త్రవేత్తలు అనండేల్, కెంప్ 1915 నుంచి చిలికా జీవుల మీద వరుస వ్యాసాలు వేశారు. అంతమంది తిరిగిన తీరంలో, లక్షల తాబేళ్ళు ఇసుక ఎక్కే చోటు శాస్త్రానికి దొరకడానికి 1994 దాకా పట్టింది. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఎరిగినదే. 2023లో అక్కడ లెక్కకు వచ్చినవి 6 లక్షల పైమాట. మన బాహుదా ముఖం దగ్గరా తాబేళ్ళు ఇసుక ఎక్కుతాయి, ఆ సంగతి మీకు నేను చెప్పాలా? మాల్ట్‌బీని తప్పుపట్టను. కలెక్టరు కచేరీ పుస్తకం అది, శిస్తు వచ్చే నేల బాగా కనబడుతుంది, శిస్తు రాని ఇసుక అంతగా కనబడదు. పుస్తకం ఎవరి పని కోసం రాశారో తెలుసుకుని చదవాలి.

కొండల వైపు ఇంకో తరహా మనిషి దొరుకుతాడు. గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం వ్యావహారిక భాషతోనే గుర్తుపెట్టుకున్నాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల దగ్గర కూచుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషా మాన్యువల్, 1938లో నిఘంటువు వచ్చాయి. కొండ మీది మనుషులను తెలుసుకోవాలనుకుంటే వెరియర్ ఎల్విన్ సవరల మీద 1955లో వేసిన పెద్ద గ్రంథం కన్నా ముందు తెరవవలసింది గిడుగువారి నిఘంటువే అంటాను. మహేంద్రగిరి, 1,501 మీటర్ల కొండ, ఇప్పుడు జీవవైవిధ్య వారసత్వ స్థలం. పైన భీముడి గుడి ఫొటో తీసుకుని దిగివస్తున్నారు జనం, కొండవాళ్ళ మాట పట్టించుకోకుండా. ఆ మాట నేర్చిన గిడుగువారు మాత్రం, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందని, అంత ప్రేమించిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు.

గీతకు ఇటువైపు మిగిలిపోయిన తెలుగువాళ్ళం మనం. ఆంధ్రలో అచ్చయ్యే ప్రకృతి రచనలు ఇచ్ఛాపురంతో ఆగిపోతాయి. ఒడియాలో వచ్చేవి మనలో చాలామంది చదవరు. చదవాలి, రెండూ చదవాలి. బరంపురంలో ఒడియా, తెలుగు రెండూ చదవగల పిల్లలు ఎంతోమంది ఉన్నారు. మహేంద్రగిరి నుంచి బాహుదా ముఖం దాకా ఉన్న నేల గురించి, రెండు రాష్ట్రాలనూ కలుపుకుని, తెలుగులో ఒక పుస్తకం రావాలి. రాసేవాళ్ళకు నా విన్నపం ఒకటే: ఏ చేప, ఏ పిట్ట, ఏ మొక్క పేరు రాసినా, అది ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఎవరు చెప్పారో కూడా వారి అనుమతితో పక్కనే రాయండి. ఇంట్లో పాత మాన్యువళ్ళు, గెజిటీర్లు, తాతల నోటు పుస్తకాలు ఉన్నవారు చిత్తు కాగితాలవాడికి వేయకుండా ఈ ఊరి బడికి ఇవ్వండి. మాస్టారి అలమర ఇప్పుడు ఆ బడిలోనే ఉంది, ఇంకా రెండు అరలు ఖాళీ.