పాత పోర్టు ద్రాక్షాసవమును పరీక్షించు విధము



వస్తువు పాతబడినంతమాత్రమున మేలైనది కాదు. బియ్యమును, చింతపండును ఏండ్లతరబడి నిలువచేసిన మీకు ఈ మాట క్రొత్త కాదు. కాలముచే కొన్ని పక్వమగును, కొన్ని చెడును. పోర్టు అను ద్రాక్షాసవము విషయమున ఈ భేదమును నేర్పరు లెట్లు కనుగొందురో నేడు మనవిచేసెదను. దానిని త్రాగుడని చెప్పుట నా యుద్దేశము కాదు. వృత్తిగా పరీక్షించువారు సయితము నోట పుక్కిలించి ఉమ్మివేయుదురు.

పోర్చుగలు దేశపు ఉత్తరభాగమున డౌరో నది కలదు. దాని యొడ్డుల రాతికొండలను మెట్లు మెట్లుగా త్రవ్వి ద్రాక్షతోటలు వేసినారు. ఈ సీమకు 1756లో ప్రభుత్వము ఎల్లలు నిర్ణయించెను. పండ్లను రాతితొట్లలో కాళ్లతో త్రొక్కుట పూర్వాచారము. రసము సగము పులియగానే ద్రాక్షనుండి దించిన సారాయిని అందు పోయుదురు. దానితో పులియుట ఆగి తీపి నిలుచును. పోర్టో రేవునుండి ఎగుమతి యగుటచే దీనికి పోర్టు అను పేరు వచ్చినది.

ఇందు శ్రేష్ఠమైనది, పంట మిక్కిలి బాగుగా పండిన ఒకే యేటి రసము. అట్టి యేడు అరుదు. 1927, 1945, 1963 అందు ప్రసిద్ధములు. దీనిని సుమారు రెండేండ్లు పీపాలలో నుంచి, వడకట్టకయే సీసాలకెత్తుదురు. అటుపిమ్మట అది సీసాలోనే ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చు ఏండ్లు పక్వమగుచుండును. ఇంగ్లండులో బిడ్డ పుట్టిన యేటి పోర్టును కొని దాచి, ఇరువదియొకటవ యేట ఆ బిడ్డకిచ్చు నాచారము కలదు. తాటిటెంక పాతిన తాతవలె, దాచినవాడు దాని రుచి నెరుగకయే పోవచ్చును.

ఇన్నాళ్లు పరుండబెట్టిన సీసాలో మడ్డి పేరుకొనును. కావున ఒకటి రెండు దినములు ముందుగా దానిని నిలువబెట్టుదురు. బిరడా శిథిలమై పొడియగునట్లుండినచో, ఎఱ్ఱగా కాల్చిన పట్టకారుతో మెడను పట్టి, వెంటనే తడిగుడ్డ తాకింతురు. గాజు తిన్నగా విఱుగును. మెడవెనుక క్రొవ్వొత్తి నుంచి, ఆసవమును మెల్లగా గాజుకూజాలోనికి వంచుదురు. మడ్డి మెడకు వచ్చినంతనే ఆపుదురు.

పరీక్షలో మొదట కన్ను. గ్లాసును తెల్లని గుడ్డపై వంచి అంచును చూతురు. లేతనాడు నేరేడుపండువలె నల్లనిది, కెంపువన్నె యై, తుదకు ఇటుకరంగు దాల్చును. పిమ్మట ముక్కు. ఎండు అత్తిపండు, లవంగము, పొగాకు మొదలగు వాసనలు ఒకదానితో నొకటి కలిసియుండవలెను. బూజువాసన బిరడా దోషమును తెలుపును. పులిసిన కాడివాసన వచ్చినచో అది చెడినట్లే. తుదకు నాలుక. తీపి, వగరు, సారాయి ఘాటు ఈ మూడును వేర్వేరుగా తోపరాదు. ఘాటు మాత్రమే మిగిలినచో పండు రుచి నశించినదని యర్థము. ఉమ్మివేసిన తరువాతను రుచి చాలసేపు నిలుచుట గొప్ప లక్షణము.

పోర్టో నగరమున ఆంగ్ల వర్తకులు పదునెనిమిదవ శతాబ్దమున కట్టుకొనిన ఫ్యాక్టరీ హౌస్ అను భవనము కలదు. అచ్చట బుధవారపు భోజనానంతరము పేరు చెప్పక పోర్టును వడ్డించి, అది ఏ యేటిదో ఊహింపుడందురు. పేరు ముందుగా తెలిసినచో నాలుక దానికి లోబడును గదా!

ఈ పరీక్ష కేవలము వినోదము కాదు. పండ్రెండు సీసాలు దాచినవాడు ఒకటి విప్పి, తక్కిన పదునొకండింటిని ఉంచవలెనో, విప్పవలెనో నిర్ణయించుకొనవలెను. తొందరపడినచో వగరు మిగులును. ఆలస్యమైనచో రుచి పోవును. విప్పిన సీసా కొలది దినములకే పస తగ్గును. మరల మూసి పక్వము చేయ వీలులేదు. వెల గాని, వయస్సు గాని చూచి మోసపోక, ఎదుట నున్న వస్తువును నిష్పక్షపాతముగా చూచుటయే ఈ పరీక్షకు ప్రాణము. విత్తనమును, ఎద్దును ఎంచుకొను మీకును ఇదియే నీతి గదా!