కేసు షీటులో ఏం రాస్తారు?



నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న బిడ్డలూ, సైకియాట్రీ పోస్టింగ్ అనగానే హాస్టల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో వాల్తేరు మానసిక ఆసుపత్రుల మీద జోకులు మొదలవుతాయి. తొలిరోజు అందరూ తలుపు దగ్గరే గుంపుగా నిలబడతారు. వారం తిరక్కముందే ఎవరో ఒక పేషెంటు ‘టిఫిన్ తిన్నావా అమ్మా’ అంటుంది. భయం పోయి జాలి మొదలవుతుంది. ‘వాళ్లూ మనలాంటి మనుషులే’ అని డైరీలో రాసి చాలామంది అక్కడితో ఆగిపోతారు. మీ టీచర్లం మేమూ మార్కులు వేసేస్తాం, ఏం చేస్తాం!

నాకైతే జాలి మీద అంత నమ్మకం లేదు. జాలిపడేవాళ్లు మాత్ర మింగించి బుజ్జగిస్తారు, చెప్పేది మాత్రం వినరు. హాలోపెరిడాల్ వాడుతున్న అబ్బాయి నిమిషం కూర్చోలేక వార్డంతా తిరుగుతుంటాడు. ‘కాళ్లు ఆగట్లేదు సిస్టర్’ అంటాడు. మీరు ‘గొడవ చేస్తున్నాడు’ అని రాస్తే ఇంకో ఇంజెక్షన్ పడుతుంది, బాధ ఇంకా పెరుగుతుంది. ఆ మందు వల్లే వచ్చే అకతీసియా అది. లిథియం వాడే పేషెంటుకు వాంతులు, చేతుల వణుకు, నడకలో తూలుడు కనబడితే వేషాలనుకోకండి. రక్తంలో లిథియం ఎక్కువైందేమో వెంటనే చూడాలి.

మీలో ఎక్కువమంది ఇక సైకియాట్రీ వార్డు గడప తొక్కరు. క్యాజువాలిటీలో, ఐసీయూలో ఉంటారు. గుండెనొప్పితో వచ్చిన మనిషి పాత చీటీలో స్కిజోఫ్రీనియా అని కనబడుతుంది. ‘మెంటల్ కేసు’ అని ఎవరో గొణుగుతారు. అందరికీ తీసినట్టే అతనికీ వెంటనే ఈసీజీ తీశారా లేదా? మీ పోస్టింగుకు నేనైతే అక్కడ మార్కులు వేస్తాను.

రోగిని మనిషిగా చూడకపోతే ఎంతదాకా పోతుందో వినండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేకపోయారు. 28 మంది పోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. బలవంతంగా గుండు గీయకూడదనీ, సొంత బట్టలు కట్టుకోనివ్వాలనీ చెప్పింది. జుట్టు సంగతి కూడా పార్లమెంటు చట్టంలో రాయాల్సి వచ్చిందంటే మన వార్డులు ఎలా నడిచాయో ఊహించుకోండి.

డిశ్చార్జి రోజు పేషెంటు తల్లి మిమ్మల్ని పక్కకు పిలిచి, ‘పెళ్లి చేస్తే కుదురుతుందా అమ్మా?’ అని అడుగుతుంది. నవ్వకండి. ఆమెను కూర్చోబెట్టండి. పెళ్లి మందు కాదని, అవతలివాళ్ల దగ్గర జబ్బు సంగతి దాచొద్దని, మాత్రలు మధ్యలో మానిపించొద్దని చెప్పండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆమె ఫోన్లో మీరే ఎక్కించి పంపండి.