ప్రసారశాలలో పురుషుల మొర

"మగవాడనైనందున నాకు కొలువు దక్కలేదు" అని యొకడు మొరపెట్టుకొన్నచో, వినువారిలో కొందరు నవ్వుదురు. కొందరు విచారింపకయే నమ్ముదురు. రేడియో, టెలివిజను సంస్థలనుగూర్చి ఇట్టి మొరలు బ్రిటనులోను, అమెరికాలోను కొంతకాలముగా వినవచ్చుచున్నవి. నవ్వుటయు తగదు, ఊరక నమ్ముటయు తగదు అని మా యభిప్రాయము.

ముందుగా పూర్వచరిత్రను చూతము. బ్రిటనులో బి.బి.సి. 1922లో పుట్టినది. 1933లో షీలా బోరెట్ అను నామెను అనౌన్సరుగా నియమించి, శ్రోతలు ఆక్షేపించిరని కొలది మాసములకే తొలగించెను. వివాహితలను కొలువునకు తీసికొనుటపై ఆ సంస్థ విధించిన నిర్బంధము 1944 వరకు తొలగలేదు. 1960లో నాన్ వింటను టెలివిజనులో జాతీయవార్తలు చదివినప్పుడును పాతకథయే పునరావృత్తమయ్యెను. స్త్రీకంఠము వార్తలకు తగదట! లోపము కంఠములో లేదు. వినువారి యలవాటులో నున్నది.

ఇది గతించిన ముచ్చట యనరాదు. 2017 జూలైలో బి.బి.సి. ఏటికి 1,50,000 పౌనులకు మించి పుచ్చుకొనువారి పట్టికను ప్రకటింపగా, అందు దాదాపు మూడింట రెండువంతులు పురుషులే. ప్రేక్షకుల యభిప్రాయములను చర్చించు కార్యక్రమమునకు సమీరా అహ్మదునకు విడతకు 440 పౌనులు. అట్టి పనికే జెరెమీ వైనునకు 3,000 పౌనులు. 2020 జనవరిలో ట్రిబ్యునలు ఏకగ్రీవముగా ఆమె పక్షమున తీర్పు చెప్పెను.

ఇక పురుషుల వాదము. కేవలము పురుషులతోనే హాస్యగోష్ఠులు నడపబోమని 2014లో బి.బి.సి. ప్రకటించెను. ప్రసారములలో స్త్రీలు సగముండవలెనను లక్ష్యమును 2016లో పెట్టుకొనెను. ఆ యేడే జాన్ హోమ్స్ అను హాస్యగాడు, స్త్రీలకును ఇతరవర్గములవారికిని చోటు కల్పించుటకై తన్ను రేడియో కార్యక్రమమునుండి తప్పించిరని బహిరంగముగా చెప్పెను. అమెరికాలో 2012లో కైల్ హంటరు అను వాతావరణ వార్తాప్రసారకుడు, లాస్ ఏంజెలీసు స్టేషనులలో యువతులకే పదవులిచ్చి తన్ను త్రోసిపుచ్చిరని సి.బి.యస్. సంస్థపై దావా వేసెను. తెరపై ఎవరు కనబడవలెనో నిర్ణయించుట వాక్స్వాతంత్ర్యమునకు సంబంధించిన చర్యయేనని 2013లో అప్పీలుకోర్టు పలికి, ఆరోపణలో ప్రాథమిక బలమున్నదో లేదో పరీక్షింపుమని వ్యాజ్యమును క్రిందికోర్టునకు పంపెను. వివక్ష జరిగినదనిగాని, జరుగలేదనిగాని ఆ తీర్పు చెప్పలేదు.

ఇందు రెండు విషయములను వేరుచేయవలెను. పంక్తిలో పది విస్తళ్లుండగా తొమ్మిదింటిముందు చిరకాలము తామే కూర్చున్నవారికి, ఐదే మిగిలిననాడు అది దోపిడివలె తోచును. అది దోపిడి కాదు, పంపకము. కాని యోగ్యుడైన యొకనిని, కేవలము పురుషుడైనందున, ద్వారముకడనే త్రిప్పిపంపినచో అది పంపకము కాదు, అన్యాయమే. నిన్నటి యధికారులు చేసిన తప్పునకు నేటి యువకునివద్ద జరిమానా వసూలు చేయుట ఏ ధర్మశాస్త్రము? బ్రిటనులో 2010 నాటి సమానత్వ చట్టము సైతము స్త్రీపురుషులను ఇరువురను రక్షించుచున్నది. యోగ్యత సమానమైనచో వెనుకబడిన పక్షమునకు మ్రొగ్గు చూపవచ్చునని యది చెప్పుచున్నదే కాని, యోగ్యతను త్రోసివేయుమని చెప్పలేదు.

కావున మొరపెట్టువాడు పురుషుడైనను స్త్రీయైనను అడుగవలసిన ప్రశ్నలొక్కటే. ఎవరిని తీసిరి? ఎవరిని నియమించిరి? ఇరువురి యోగ్యత లేమి? కారణము వ్రాతలో నున్నదా? స్త్రీలకు జరిగిన యన్యాయము నినాదములవలననే బయటపడలేదు. జీతముల పట్టిక వెలువడుటచేత దేశమంతటికి కనబడినది. పురుషుల మొరకును అదియే మందు. మూసిన తలుపులవెనుక, ముఖము నచ్చెననియు, కంఠము నచ్చలేదనియు నియామకములు జరిగినంతకాలము, ఎవరికైనను అన్యాయము జరుగవచ్చును. జరుగకున్నను జరిగినదని యనుమానము మిగులును.

సోదరులారా! ఒకరికొక త్రాసు, మరియొకరికొక త్రాసు పెట్టిన యంగడి ఎన్నాళ్లు నిలుచును? స్త్రీల మొర విన్నప్పుడు సాక్ష్యమడిగిన మనము, పురుషుల మొర విన్నప్పుడు సాక్ష్యమడుగుట మరువరాదు. సాక్ష్యము చూపిననాడు, వాడు మగవాడని నవ్వను రాదు.